వదిలిన చేపలు

నీళ్లు మోకాళ్ల కిందికి దిగేసరికి ఎనిమిది దాటింది. చిన్నపుల్లయ్య లుంగీ ఎగగట్టి, చేతివల భుజాన వేసుకుని, ఇనుప తీగెల గోడ వెంబడి సముద్రంలోకి నడిచాడు. ఫింటాస్ ఒడ్డు దగ్గర మొదలై రెండు వందల అడుగులు లోపలికి పోయిన గోడ అది. వరసగా కర్రలు నాటి, వాటికి తీగెల జల్లెడ బిగించి కట్టింది. చివర గుండ్రటి దొడ్డి ఉంటుంది. పోటు మీద ఒడ్డుకు మేతకొచ్చిన చేపలు, నీళ్లు తీసేటప్పుడు గోడకు తగిలి, దాని పక్కనే ఈదుకుంటూ పోయి ఆ దొడ్డిలో పడతాయి. లోపలికి పోయే దారి వాటికి తెలుస్తుంది గాని, బయటికొచ్చే దారి తెలియదు. ఇక్కడివాళ్లు దీన్ని హద్రా అంటారు.

వెనకాల కళావతి బక్కెట్టు పట్టుకుని వస్తోంది. ఆమెను ఎవరూ రమ్మనలేదు. సల్వాలో ఆమె పనిచేసే ఇంటి యజమానురాలు, మామా అని పిలిచేది ఆమెనే, ఇరాక్ సైన్యం దిగిన మూడో రోజే పిల్లలతో కారెక్కి సౌదీ సరిహద్దు దాటిపోయింది. ఇంటి తాళాలు మాత్రం కళావతి చేతిలో పెట్టింది. ఆ తాళాలు రొంటిన దోపుకుని కళావతి ఫింటాస్ దాకా నడిచొచ్చింది. ఇప్పుడు ఇంజినీరు అనంతరామ్ గారు ఉండే బిల్డింగులో, ఆయన పక్క ఫ్లాటులో తలదాచుకున్న పదకొండు మందికి వంట చేసేది ఆమే. బియ్యం అడుగంటాయి. రొట్టెల కొట్టు దగ్గర తెల్లారకముందే వరస కట్టాలి. ఉన్నదల్లా చిన్నపుల్లయ్య తెచ్చే చేపలే. అవీ రోజుకు ఏడో ఎనిమిదో. అంత పెద్ద హద్రాలో ఎనిమిది చేపలే ఎట్లా పడతాయన్నది మూడు రోజులుగా ఆమె బుర్రలో తొలుస్తోంది. అందుకే వచ్చింది.

దొడ్డిలో నీళ్లు పిక్కల లోతు ఉన్నాయి. ఆ కాసిన్ని నీళ్లలో చేపలు గుంపుగా అటూ ఇటూ తిరుగుతుంటే ఎండకు తళతళ మెరుస్తున్నాయి. కళావతి నిలబడి చూసింది. పాతిక పైనే ఉన్నాయి.

చిన్నపుల్లయ్య ముందు రెండు చేతులూ మోచేతుల దాకా నీళ్లలో ముంచాడు. వలతో ఒక చేపను మెల్లగా దేవి, నీళ్లు దాటనివ్వకుండానే అరచెయ్యి పొట్ట కింద పెట్టి చూశాడు. జానెడు లేదు. పక్కకు పోయి, సముద్రం వైపు గోడ మీదుగా వంగి, నీళ్లలోనే దాన్ని కొంచెంసేపు పట్టుకున్నాడు. తోక ఆడాక చెయ్యి తీసేశాడు. చేప పోయింది. రెండోది బక్కెట్టులో పడింది. మూడోది పెద్ద జుబైదీ, మనవైపు చందువా అంటారే, అది. వెండి పళ్లెంలా ఉంది. దాన్ని పొట్ట దగ్గర బొటనవేలితో తడిమి, మళ్లీ గోడ దగ్గరికి నడిచాడు.

"ఏమన్నా, ఏం చేస్తాండావు?"

"వదుల్తాండా."

"అది కనపడ్తానే ఉండాది. ఎందుకు వదుల్తాండావని."

"గుడ్లతో ఉండాదిమే. పొట్ట చూడు ఎట్ట ఉబ్బిందో."

"గుడ్లుంటే ఇంగా మంచిదే గదా! మన ఫ్లాటులో మహబూబ్ బీ జొరమొచ్చి లేసింది. నాలుగు దినాలాయ, గంజి తప్ప ఇంగోటి ల్యా. ఆ గుడ్లు ఏంచి పెడ్తే ఒంట్లోకి సత్తవొస్తాది."

అతను చేపను సముద్రం వైపు తిప్పి పట్టుకున్నాడు. అది కాసేపు అతని చేతిలోనే మొప్పలాడిస్తూ ఉండిపోయి, ఒక్కసారిగా జారిపోయింది.

కళావతి బక్కెట్టు నీళ్లలో దబ్బున పెట్టింది. "నేనేమనుకుంటి తెల్సునా? మిల్ట్రీవాళ్లకి ఇస్తాండావేమో అనుకుంటి. అదన్నా మేలే, మనుషులు తిందురు. మనుషులు పస్తులుంటే నువ్వు చాపలకి దరమం చేస్తాండావా?"

"దరమం కాదుమే. ఇవి ఇప్పుడు గుడ్లు పెట్టే కాలం. గుడ్లతో ఉండేటివి, పిల్లలు, రెండూ పట్టుకుంటే పైయేటికి ఏముంటాయి? ముసలాయన అట్టే చేస్తాండె. నేనూ అట్టే."

"మీ ముసలాయన యాడుండాడు? సౌదీలో, దమ్మాములో చల్లగా కూచోనుండాడు. పైయేటికంట! పైనెలకి ఈడ ఎవురుంటారన్నా? నువ్వుంటావా? నేనుంటానా?"

అది అతను పదకొండేళ్లుగా చేస్తున్న పనే గాని, ఎందుకని ఎవరూ అడిగింది లేదు. మొదటి ఏడాది ఆరిన చేతులతో జుబైదీని పట్టుకుంటే ఆ ముసలాయనే, హద్రా యజమాని అబూ యాకూబ్, కర్రతో మణికట్టు మీద కొట్టాడు. పొడి చెయ్యి తగిలితే దాని ఒంటి జిగురు పోతుందని, వదిలినా బతకదని అప్పుడే తెలిసింది. చెయ్యి నేర్చుకున్నంత బాగా నోరు నేర్చుకోలేదు. అతను వంగి ఇంకో చేప తీశాడు. చిన్నది. వదిలేశాడు.

ఆ రోజు తొమ్మిది చేపలు దక్కాయి. 

మరుసటి రోజు నీళ్లు ఇంకా తియ్యకముందే ఒడ్డున పెద్ద చప్పుడైంది. బిల్డింగు కిటికీలు అదిరాయి. మళ్లీ ఒకటి. మళ్లీ ఒకటి. బాంబులేమోనని అందరూ మెట్ల కింద దూరారు. కాసేపటికి ఎవరో అరిచారు, చేపలు, చేపలని.

చిన్నపుల్లయ్య పోయేసరికి నలుగురు కుర్ర సిపాయిలు చొక్కాలు విప్పేసి నడుంలోతు నీళ్లలో నవ్వుతూ నిలబడి ఉన్నారు. హద్రాకు ఇవతల చెయ్యిబాంబులు విసిరారు. నీళ్లు మట్టితో ఎర్రగా కలకబారాయి. ఆ ఎరుపు మీద చేపలు తెల్లటి పొట్టలు పైకి పెట్టి తేలుతున్నాయి. సిపాయిలు పెద్దవి ఏరుకుంటున్నారు. మిగిలినవి ఎవరైనా తీసుకోండని చేతులూపారు. బేసిన్లు, బిందెలు పట్టుకుని జనం దిగారు. అందరికంటే ముందు కళావతి దిగింది.

"పుల్లయ్యన్నా, రా! చూస్తాండావే?"

అతను ఒడ్డునే చతికిలబడ్డాడు. బొటనవేలంత పిల్లలు అలకు కొట్టుకొచ్చి ఇసుక మీద పేరుకుంటున్నాయి, చేటలోంచి ఒలికిన బియ్యంలా. వాటిని ఎవరూ ఏరుకోవడం లేదు. పిట్టలు కూడా ఇంకా రాలేదు.

ఆ సాయంత్రం బిల్డింగంతా వేపుడు వాసన. మహబూబ్ బీ రెండు ముక్కలు తిని, మూడోది అడిగి మరీ పెట్టించుకుంది. కళావతి పళ్లెం తెచ్చి చిన్నపుల్లయ్య ముందు పెట్టింది.

"తింటావా, దీనికి గూడా ఏదన్నా రూలు పెట్టినాడా మీ ముసలాయన?"

అతను తిన్నాడు. ఆకలి మీద ఉన్నాడు. రుచిగానే ఉంది. ముల్లు తీసుకుంటూ తిన్నంతసేపూ తల ఎత్తలేదు.

తెల్లారి హద్రాలో రెండు పీతలు పడ్డాయి. ఆ మర్నాడు ఒక్కటీ లేదు, దొడ్డి మధ్యలో నురగలాంటి జెల్లి తప్ప. మూడో నాడూ అంతే. కళావతి రోజూ బక్కెట్టు పట్టుకుని వెంట వచ్చింది, రోజూ ఊరికే తిరిగిపోయింది. మొదటి రోజు, "ఈ పొద్దు ల్యాకుంటే రేపొస్తాయిలే" అంది. రెండో రోజు సిపాయిలను తిట్టింది. మూడో రోజు ఖాళీ దొడ్డిలో నిలబడి చాలాసేపు నీళ్ల వైపు చూసింది.

"యాడికి పోయినాయన్నా?"

"చచ్చినేటివి చచ్చినాయి. మిగిలినేటివి ఈ దిక్కు రావాలంటే బెదురు పోవల్ల."

"ఎన్నాళ్లకి పోతాది?"

"ఎట్ట చెప్పేది? మనకి పోయిందా?"

ఇంట్లో ఆ మూడు రోజులూ గంజి మీదే నడిచింది. మూడో రోజు ఆ గంజిలోకి ఉప్పు కూడా చూసి వేసింది కళావతి.

నాలుగో నాటికి దొడ్డిలో ఆరు చేపలు కనిపించాయి. అందులో ఒకటి గుడ్ల జుబైదీ. చిన్నపుల్లయ్య దాన్ని వలతో దేవి ఆగాడు. కళావతి వైపు చూశాడు. తిడుతుందనుకున్నాడు. ఆమె కొంగు బిగించుకుని, తన చేతులు రెండూ మోచేతుల దాకా నీళ్లలో ముంచి, ఇటివ్వమని చాచింది. అతను ఇచ్చాడు. ఎక్కడ పట్టుకోవాలో వేలితో చూపించాడు. ఆమె గోడ దాకా నడిచి వంగింది. చేప ఆమె చేతుల్లో ఒకసారి బరువుగా ఊగి, పోయింది.

"దాని కండ అంతా గుంజుకుంటాదే పోయేటప్పుడు" అంది కళావతి, తన చేతుల వైపు చూసుకుంటూ.

ఆ సాయంత్రం అనంతరామ్ మెట్లన్నీ రెండేసి ఎక్కుతూ వచ్చాడు. విజయవాడ మనిషి. కరెంటు ఇంజినీరు. పది రోజులుగా ఎంబసీ చుట్టూ తిరుగుతున్నాడు.

"బస్సు దొరికింది. ఎల్లుండి మధ్యాహ్నం మూడింటికి, మన బిల్డింగు ముందు నుంచే. బస్రా, బాగ్దాద్, అక్కణ్ణించి అమ్మాన్. అక్కడ మన విమానాలొస్తున్నాయట. లిస్టులో అందరి పేర్లూ ఉన్నాయి. మనిషికి ఒక్క సంచీ. మూడంటే మూడే, ఒక్క నిమిషం ఆగడు డ్రైవరు."

ఆయన భార్య సుమతి గోడకు ఆనుకుని ఏడ్చేసింది. మహబూబ్ బీ దువా చేసుకుంది. చిన్నపుల్లయ్యకు కూడా కళ్లలో నీళ్లు తిరిగాయి. రాజంపేట, ఇల్లు, ఇంటి ముందు కట్టేసిన బర్రె అన్నీ ఒక్కసారి కళ్లముందు తిరిగాయి. సంచీ కిందికి దించి రెండు చొక్కాలు మడత పెట్టాడు. మూడో చొక్కా చేతిలో పట్టుకుని అట్లాగే కూచుండిపోయాడు.

"సార్" అన్నాడు. "ఆ హద్రా సంగతి ఏం జెయ్యల్ల?"

అనంతరామ్‌కు అర్థం కాలేదు. "ఏం చెయ్యడమేంటి? వదిలేసి రావడమే. పుల్లయ్యా, ఇక్కడ దేశానికే దిక్కు లేదు. నీ హద్రా గురించి ఎవడడుగుతాడయ్యా?"

"ఎవురూ అడగరు సార్. అదే గదా." అతను మాటలు వెతుక్కున్నాడు. "మనిషి ఉన్నా ల్యాకున్నా అది పడతానే ఉంటాది. దినానికి రెండు తూర్లు నీళ్లు తీస్తాయి, రెండు తూర్లూ చాపలు పడతాయి. తీసేవాడు ల్యాకుంటే ఎండకి ఆడనే చస్తాయి. వాటి వాసనకి ఇంగా కొన్నొస్తాయి. తీగె తుప్పు పట్టి పడిపోయేదాకా అంతే సార్. మూడేండ్లో, నాలుగేండ్లో."

 అనంతరామ్ కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, "సరే, వీలైతే చూడు. కానీ మూడింటికి నువ్వు బస్సులో ఉండాలి" అన్నాడు. వంటింటి గుమ్మంలో కూచుని బియ్యంలో రాళ్లు ఏరుతున్న కళావతి చెయ్యి ఆగింది. మళ్లీ ఏరడం మొదలుపెట్టింది.

మర్నాడు పన్నెండుకి చిన్నపుల్లయ్య దొడ్డి తీగెలు కత్తిరించడానికి కటింగ్ ప్లేయర్ జేబులో వేసుకుని ఒడ్డుకు పోయాడు. ఒడ్డు వెంబడి సిపాయిలు కొత్తగా ముళ్లతీగె లాగుతున్నారు. ఇనుప కడ్డీలకు ఎర్రగుడ్డ పీలికలు కట్టి ఉన్నాయి. నెరిసిన మీసాల సార్జెంటు ఒకడు కుర్చీలో కూచుని చేయిస్తున్నాడు. చిన్నపుల్లయ్య హద్రా వైపు వేలు చూపించి, ప్లేయర్ తీసి చూపించాడు. అతనికొచ్చిన అరబ్బీ చేపల పేర్లు, నీళ్ల పేర్లు, అవును, కాదు. ఇప్పుడు కావలసిన మాటలు అందులో లేవు.

"లా" అంటూ తల అడ్డంగా ఆడించాడు సార్జెంటు. "హద్రా మాది ఇప్పుడు. చేపలూ మావే. ఇక్కడికి రావద్దు. ఖలాస్."

తిరిగి వచ్చి చెబితే కళావతి మండిపడింది. "నువ్వు అడిగినావా, మూగోని మాదిరి నిలబడి వచ్చినావా? రేపు నేనొస్తా."

"రేపు బస్సు."

"బస్సు మూడింటికి. నీళ్లు ఒంటిగంటకి తీస్తాయి. రోజుకి ముక్కాలు గంట లేటవుతాదని నువ్వే గదా చెప్పింది?"

బయల్దేరే రోజు ఇద్దరూ సంచులు మెట్ల దగ్గర పెట్టి, సుమతికి చెప్పి, పన్నెండున్నరకు ఒడ్డుకు నడిచారు. ఎండ నెత్తి మీద నిప్పులా ఉంది. సార్జెంటు గుడారం నీడలో టీ తాగుతున్నాడు. కళావతి నేరుగా పోయి అతని ముందు నిలబడింది. ఆమెకు వచ్చిన అరబ్బీ అంతా నాలుగేళ్లు మామా తిట్టగా తిట్టగా వచ్చింది. అందులో బతిమాలే మాటలు తక్కువ.

"నువ్వు! ఈ చేపలు నీవా?"

సార్జెంటు టీ గ్లాసు దించాడు. "మావి."

"ఎవరు తీస్తారు? ఆ పని ఎవరిది? పేరు చెప్పు. రోజుకు రెండుసార్లు, ఈరోజు ఒంటిగంట, రేపు ఇంకో గంట. ఎవరొస్తారు? ఆ చొక్కా లేనోడా? వీడా?" ఒక్కొక్కరినీ వేలెత్తి చూపించింది. కుర్ర సిపాయిలు నవ్వు ఆపుకున్నారు. "ఈ ఎర్రగుడ్డలు ఎందుకు కట్టారు?"

అతను టీ గ్లాసు పక్కన పెట్టాడు.

"మైన్లు పెడతారు. నాకు తెలుసు, అందరికీ తెలుసు. పెట్టాక నీళ్లలోకి ఎవరు పోతారు? నువ్వు పోతావా? చేపలు అక్కడ, నువ్వు ఇక్కడ. చచ్చి కుళ్లిపోతాయి. రోజూ కుళ్లిపోతాయి. ఆ కంపులో కూచుని టీ తాగుతావా? హరామ్ కాదా? నీ ఇంట్లో అన్నం ఇట్లా పారేస్తారా?"

చిన్నపుల్లయ్య ఒక అడుగు వెనక్కి వేశాడు. తుపాకులవాళ్లతో ఇంటి పిల్లలతో మాట్లాడినట్టు మాట్లాడుతోంది. సార్జెంటు ఆమెను చూశాడు, హద్రాను చూశాడు, తర్వాత కడ్డీల మీది ఎర్రగుడ్డలను చూశాడు. ఎక్కడో ఊళ్లో భార్య గుర్తొచ్చిందో, టీ చల్లారిపోతుందనుకున్నాడో, చెయ్యి విసిరాడు.

"రేపు పొద్దున వస్తారు పెట్టడానికి" అన్నాడు నెమ్మదిగా. "అరగంట. సగం చేపలు మాకు. యల్లా, కానివ్వండి."

ఒక సిపాయి ముళ్లతీగెను బూటుతో తొక్కి పట్టాడు. ఇద్దరూ దాటారు.

నిన్నటి నుంచి ఎవరూ చెయ్యి పెట్టని దొడ్డి నిండుగా ఉంది. ఇన్ని చేపలు ఒక్కసారి పడి నెల దాటింది. నీళ్లు కనపడనంతగా వీపులు ఒరుసుకుంటూ తిరుగుతున్నాయి. చిన్నపుల్లయ్య నిలబడిపోయాడు. ముందు మూడు రోజులో నాలుగు రోజులో ప్రయాణం. దారిలో ఏం దొరుకుతుందో తెలియదు. కళావతి ఒక్క గంటలో వేపి మూట కట్టగలదు. మహబూబ్ బీ అంత దూరం కూచోగలదో లేదో. కాళ్ల దగ్గరే పెద్ద జుబైదీ ఒకటి పక్కకు ఒరిగి తిరుగుతోంది, పొట్ట ఉబ్బుగా. అతను చేతివల దాని కిందికి పోనిచ్చాడు. పొట్ట తడమలేదు. నేరుగా బక్కెట్టులోకి ఎత్తాడు.

కళావతి బక్కెట్టులోకి చూసింది.

"గుడ్లతో ఉండాది, అన్నా."

"ఉండనీలే. దారికి కావల్ల."

"దారికి వేరేటివి ల్యావా?"

అతను మొహం తిప్పుకుని ప్లేయర్ తీశాడు. సముద్రం వైపు గోడ దగ్గర కూచుని మొదటి తీగె కత్తిరించాడు. తుప్పు పట్టిన తీగె పుటుక్కున తెగింది. రెండోది, మూడోది. వెనకాల నీళ్ల చప్పుడు వినిపించింది. తిరిగి చూస్తే కళావతి బక్కెట్టును నీళ్లలోకి ఒరగబెట్టి, చేతులు తడుపుకుని, ఆ జుబైదీని రెండు చేతుల మీదా పెట్టుకుని గోడ దగ్గరికి వస్తోంది. అతని పక్కనుంచే వంగి, కత్తిరించిన సందులోంచి దాన్ని అవతలికి పట్టుకుంది. అది పోయేదాకా ఆగింది. తర్వాత తిరిగి వెళ్లి వల తీసుకుని, ఒక్కొక్క చేపనూ పొట్ట తడిమి చూస్తూ ఏరడం మొదలుపెట్టింది. అతను ఆమె వైపు చూడలేదు. తీగెలు కత్తిరిస్తూనే ఉన్నాడు.

జల్లెడ రెండు బారలు ఊడదీసి పక్కకు మడిచేసరికి చేతులు రక్తాలు కారుతున్నాయి. ఎదురుగా సముద్రమే. అయినా చేపలు కదల్లేదు. అంత దారి తెరిచినా, గోడ ఇంకా ఉన్నట్టే గుండ్రంగా తిరుగుతున్నాయి.

"పోవేమన్నా ఇవి?" కళావతి చేత్తో నీళ్లు అదిలించింది.

"తరమొద్దు. బయట అడుగు లోతు గూడా ల్యా ఇప్పుడు. నీళ్లు ఎక్కినాక వాటికే తెలుస్తాది."

"ఎంతసేపు?"

"గంటన్నర. రెండు గంటలు."

"మనం చూడకుండానే పోవల్నా?"

"ఆ."

ఒడ్డు నుంచి సార్జెంటు ఈల వేశాడు. బక్కెట్టులో పద్దెనిమిది చేపలున్నాయి. ఒడ్డుకు రాగానే కళావతి తొమ్మిది లెక్కపెట్టి ఇసుక మీద సిపాయిల ముందు పోసింది. సార్జెంటు ఇంకా దొడ్డి వైపే చూస్తున్నాడు. అన్ని చేపలు అక్కడ పెట్టి వచ్చారేమిటని అడుగుతాడనుకున్నారు. అడగలేదు.

వేపుడయ్యేసరికి మూడూ పది. బస్సు ఇంజను నడుస్తూనే ఉంది. అనంతరామ్ మెట్టు మీద నిలబడి డ్రైవరు భుజం పట్టుకుని ఆపుతున్నాడు. చెమటతో చొక్కా ఒంటికి అంటుకుపోయింది.

"ఎక్కడికి పోయారయ్యా! ముప్పై మంది మీ ఇద్దరి కోసం..."

"చాపలు వదిలిపెట్టేదానికి పోయింటిమి సార్" అంది కళావతి, వేడి మూట చంకన పెట్టుకుని ఎక్కుతూ. బస్సులో ఎవరో నవ్వారు.

సుమతి పక్కన చోటిచ్చింది. "వదిలిపెట్టడమేంటి కళావతీ? తిండి లేక అల్లాడుతుంటే?"

చిన్నపుల్లయ్య వెనక సీట్లో కిటికీ పక్కన కూలబడ్డాడు. రెండు అరచేతులకూ గుడ్డ చుట్టుకున్నాడు. ముందు సీటు నుంచి కళావతి గొంతు ఇంజను చప్పుడు మీదుగా వినిపిస్తోంది. చేతులు తిప్పుతూ చెబుతోంది, గోడ ఎట్లా ఉంటుందో, చేపలు ఎట్లా పడతాయో, జుబైదీని తడి చేత్తో ఎందుకు పట్టుకోవాలో, గుడ్లతో ఉన్నదాన్ని ఎందుకు వదలాలో. అతను ఏనాడూ చెప్పని మాటలు కూడా చెబుతోంది. తన ఇంటి పద్ధతి చెప్పినట్టు చెబుతోంది.

"బాగానే ఉంది. కానీ మనం మళ్లీ వస్తామా ఇక్కడికి?" అంది సుమతి. "ఎవరి కోసం?"

"ఎవురో ఒకరు వస్తారమ్మా. మనమే రావల్లని యాడుండాది?"

 బస్సు మలుపు తిరిగి పెద్ద రోడ్డెక్కింది. ఇళ్ల మధ్య సముద్రం ఒక్కసారి నీలంగా కనపడి గోడల వెనక్కి పోయింది. చిన్నపుల్లయ్య కిటికీలోంచి కరెంటు స్తంభాల నీడలు ఎంత సాగాయో చూశాడు. మూడున్నర. ఈపాటికి దొడ్డిలో నీళ్లు నడుం దాకా వచ్చుంటాయి.

అతను తల వెనక్కి వాల్చి కళ్లు మూసుకున్నాడు.